దిగని పాదం

డోలు ఇంకా మొదలు కాలేదు. తోలు ఎంత బిగిసిందో చూడటానికి కాబోలు ఎవరో ఒక్క దెబ్బ వేసి ఊరుకున్నారు, ఆ ఒక్క దెబ్బకే ఎఫిఫానియా చేతిలో కుంచె బల్ల మీద పెట్టేసింది, మళ్ళీ తీసింది, కొసన తెల్లరంగు ఆరిపోతోందని నీళ్ళలో ముంచింది, ముంచి మళ్ళీ పెట్టేసింది. పొద్దున్నించీ ఇదే వరస. ముందు గదిలో వచ్చినవాళ్ళు వచ్చినట్టే కూర్చుని తింటున్నారు, ఎర్ర మిరపకాయల మాంసం ఘాటు దుప్పటి సందుల్లోంచి వచ్చి ముక్కుకి తగులుతోంది, తినకుండా లేస్తే నా వంట బాగాలేదని ఊరంతా చాటినట్టేనని అమ్మమ్మ రెఫూజియా ఎవర్నో దబాయిస్తోంది. పండగ పూట తలుపు మూయకూడదు, వచ్చినవాళ్ళకి లేదనకూడదు. ఈ వెనక గదికి మాత్రం దుప్పటి అడ్డం కట్టుకుంది, ఒక పక్క బల్ల మీద బొమ్మ, ఒక పక్క మంచం మీద ఆటబట్టలు, మధ్యన తను. డోలు మొదలయ్యేలోగా తేల్చుకోవాలి. తెల్లరంగు ఒక్క చుక్క చాలు, ఆ పాదం పోతుంది, దాని మీద అందరి పాదాల్లాంటి పాదం ఇంకోటి వేసుకోవచ్చు, ఎంతసేపు పని. ఆ ఒక్క చుక్క వేయడానికి చెయ్యి రావడం లేదు.

నిన్న సాయంత్రం అన్సెల్మో మామయ్య వచ్చాడు. ఈ ఏడు ఆటకి పెద్ద ఆయనే, ఎవరు ఎవరి పక్కన నిలబడాలో, అడుగు తప్పితే ఎవర్ని కసరాలో అన్నీ ఆయన చూసుకోవాలి. కొండ మీదనుంచి దేవదారు కొమ్మలు కోసుకొచ్చిన చేతులు, జిగురు బొమ్మకి అంటుకుంటుందని వెనక్కి కట్టుకుని, బల్ల మీదికి వంగి చాలాసేపు చూశాడు. 

"ఏమ్మా, నువ్వు ఆటగాళ్ళని వేశావా, మనిషిని వేశావా?" అన్నాడు.

ఆమెకి అర్థం కాలేదు. ఆయన వేలు పెట్టి చూపించడు కదా, గడ్డం ఎత్తి చూపించాడు, వరస చివర నిలబడ్డ మగమనిషి కాలికేసి.

"ఆ కాలు ఎవరిదో నాకూ తెలుసు, నీకూ తెలుసు. రేపు బొమ్మలు కొనే పట్నం దొరసాని వచ్చి దీన్ని పట్టుకుపోయి గోడకి మేకు కొట్టి తగిలిస్తుంది. మరి వాడు ఎలా పోతాడే? పోవలసినవాణ్ణి పట్టుకుని కూర్చుంటావా?" అని, దుప్పటి తీసి బయటికి వెళ్తూ వెళ్తూ ఆగి, "మనసు కుదుటపడితే రా. లేదంటే ఇంట్లో ఉండు, ఎవరూ ఏమీ అనరు. అటూ ఇటూ కాని మనసు పెట్టుకుని మాత్రం ఆ వరసలోకి రాకు" అన్నాడు. కోప్పడ్డా బాగుండేది. ఆయన గొంతులో జాలి ఉంది, అది రాత్రంతా ఆమెని నిద్రపోనివ్వలేదు.

ఎవరి కాలో తెలుసు. పోయిన తమ్ముడి కాలు. పేరెత్తకూడదు, మనసులోనైనా ఎత్తకూడదు, పిలిస్తే వెనక్కి తిరిగి చూస్తాడు, చూస్తే దారి తప్పుతాడు, అందుకని ఇన్నేళ్ళుగా వాడు అనే అనుకుంటోంది, వాడు, వాడు, ఆ మాట కూడా ఈమధ్య పేరులాగే అయిపోయింది. బొమ్మలో మొహాలన్నీ ఒకటే, ఒకే ముక్కు, ఒకే కన్ను, ఒకే నల్లని జుట్టు, నడుముకి వెనక వేలాడే నక్కతోళ్ళు అన్నీ ఒకే వంపు, చేతుల్లో సొరబుర్ర గిలక్కాయలు అన్నీ ఒకే ఎత్తు. కింద నేల లేదు, వెనక ఆకాశం లేదు, ఎవడికీ నీడ లేదు. అలా వేస్తుంది కాబట్టే ఇన్నాళ్ళూ పెద్దలు ఆమె జోలికి రాలేదు. వేయకూడని ఆటలు ఆమె వేయదు, వాటి గురించి పట్నంలో ఎవరైనా తియ్యగా అడిగితే నాకు తెలీదండీ అంటుంది, నిజంగా తెలియని దానిలాగే మొహం పెడుతుంది. అందరూ చూడగల మొక్కజొన్న ఆట, అందులో అందరిలాంటి మనుషులు. ఆటలోకి దిగినవాడు తన పేరు బయట వదిలి వస్తాడు, ఫలానావాడు బాగా ఆడాడు అని కూడా అనకూడదు. ఇంత తెలిసినది, ఇంత జాగ్రత్తగా ఉండేది, వరస చివర ఎత్తిన కుడిపాదాన్ని మాత్రం, వేళ్ళు రవ్వంత లోపలికి తిప్పి, నేల కోసం వెతుకుతున్నట్టు, దిగనా వద్దా అన్నట్టు వేసింది. వేశానని తనకే తెలియదు. చెయ్యి వేసేసింది.

వాడు అలాగే ఆడేవాడు. మిగతావాళ్ళ పాదం లేచిందంటే ధన్‌మని దిగేది, వాడిది దిగే ముందు రెప్పపాటు ఆగేది, అయినా డోలు దెబ్బకి ఎప్పుడూ ఆలస్యం కాలేదు, అదెలా చేసేవాడో ఎవరికీ అంతుపట్టేది కాదు. కాలవ గట్టు మీద చిన్నపిల్లలందర్నీ వెంట వేసుకుని నోటితో డోలు కొడుతూ అడుగులు వేయించేవాడు, మామయ్య కొడుకు ఇసీద్రో అప్పటికి లాగు కూడా సరిగా నిలవని పిల్లకాయ, అతనూ ఆ గుంపులో తోకలాగా. దూరం నుంచి, మొహం ఆనకముందే, ఆ కాలు చూసి అదిగో మావాడు అనుకునేది ఎఫిఫానియా. తల్లి పోయాక చంకనేసుకుని పెంచింది తనే, అనుకోకుండా ఎలా ఉంటుంది. తరవాత యుద్ధమొచ్చింది, చేతిలో కాగితం పెట్టి తీసుకుపోయారు, సముద్రాల అవతల ఏవో దీవుల్లో శత్రువులకి పట్టుబడ్డాడట, ఎండలో నీళ్ళివ్వకుండా నడిపించారట. వాడితో పోయి తిరిగొచ్చిన ఒకడు చెప్పాడు, మొత్తం చెప్పలేదు, కొంత చెప్పి టోపీ తిప్పుకుంటూ కూర్చున్నాడు. నడుస్తూ నడుస్తూ ఆగితే కొట్టేవాళ్ళు అన్నాడు. ఆ మాట వినకపోయినా బాగుండేది, అప్పట్నించీ ఆ పాదం ఎక్కడో పరాయి దారి మీద దిగే ముందు ఆగుతూనే ఉంది, కళ్ళు మూసినా ఆగుతుంది, తెరిచినా ఆగుతుంది.

శరీరం రాలేదు. చేయవలసినవి వాడి చొక్కాకి చేశారు, ఇక వెనక్కి చూడకు, మా కోసం బెంగపడకు అని చెప్పి పంపించారు. మంచిగా పోయినవాళ్ళు మబ్బులై వస్తారు, వాళ్ళకి దాహం గుర్తుంటుంది, పొలాలు గుర్తుంటాయి. మరి ఈ ఏడు మబ్బు ఏది. కిటికీలోంచి చూస్తే కొండ నెత్తిన దూదిపింజంత ఏదో ఉంది, అదీ ఇటు రావడం లేదు. మొక్కజొన్న ఆకులు పొద్దున్నే చుట్టలు చుట్టుకుపోతున్నాయి, కాలవలో కప్పలు కూడా నోరు మూసుకున్నాయి, నీళ్ళ దగ్గర ఆడవాళ్ళు తలెత్తి ఆకాశం చూసి, తల దించి ఏమీ మాట్లాడకుండా బిందె ఎత్తుకుంటున్నారు. నా వల్లేనా. ఛీ, ఒక్కదాని బొమ్మకి ఊరి వాన ఆగుతుందా, నేనెంతటిదాన్నని. ఆగదని మాత్రం ఎలా చెప్పగలను. దాహంతో చచ్చినవాడు, వానగా రావాలని ఎంత తపించి ఉంటాడు, వాడి కాలు పట్టుకుని కాగితానికి అతికించి కూర్చున్నానా నేను. కుంచె తీసింది. పాదం మీదికి తెచ్చింది. వాడి మడమ దగ్గర, నలుపూ తెలుపూ బొచ్చుపట్టీ కింద, గోధుమరంగు ఎంత పల్చగా నిలిచిందో, ఇంత బాగా ఎప్పుడూ కుదరలేదే అని ఒక పాపిష్టి ఆలోచన వచ్చింది. కుంచె వెనక్కి తీసుకుంది. దీన్ని కూడా చెరిపేస్తే వాడు నాకు ఇంకెక్కడ ఉంటాడు.

ఇంకెక్కడా.  ఇదొక్కటేనా అసలు. పోయిన చలికాలం జింకల ఆట వేసింది, అది పట్నంలో డాక్టరు గదిలో ఉంది, అందులో అంచున ఉన్నవాడి కాలు ఎలా ఉంది. అంతకుముందు హోటలు వరండాకి వేసిన పెద్ద బొమ్మ, దొరసాని భోజనాల గదిలో ఉన్నది, రైలెక్కి ఎక్కడికో పోయినవి, ఊరు పేరు కూడా తెలియనివి. కళ్ళు గట్టిగా మూసుకుని ఒక్కో బొమ్మనీ తెచ్చుకుంది, మొహాలు వస్తున్నాయి, ఈకలు వస్తున్నాయి, కాళ్ళు రావడం లేదు, వచ్చినవన్నీ అదే కాలు అవుతున్నాయి. అన్ని గోడల మీదా వాడేనా, అన్ని మేకులకీ వాడేనా. ఒక్క చుక్క తెల్లరంగు ఎన్నిచోట్లకని పట్టుకుపోను. లేచి గదిలో అటూ ఇటూ తిరిగింది, తిరగడానికి గది ఎక్కడుంది, మంచానికి మోకాలు కొట్టుకుంది, మంచం మీద, ఆటలో నెత్తిన కట్టుకునే తలపలక ఒరిగింది, గభాలున పట్టుకుంది. నీలం రంగు వేసిన చెక్క, మీద మెట్లుమెట్లుగా మబ్బులు చెక్కినది, తనే రంగు దిద్దింది, రేపు పెట్టుకోబోతున్నానని నిన్న పొద్దున ఎంత మురిసిపోయింది. వాడు పోయాక ఆడటం ఇదే మొదలు.

"అక్కా, జుట్టు విప్పుకున్నావా లేదా? బుగ్గలకి ఎరుపు అక్కడ పెట్టుకుంటావా, మా దగ్గర పెట్టుకుంటావా?" దుప్పటి బయట నుంచి డెల్ఫీనా, వరసలో తన ముందు నిలబడే పిల్ల.

"వస్తున్నానని చెప్పు."

"వస్తున్నానని ఇందాకా చెప్పావు. మామయ్య చూపు చూపుగా లేదు, నువ్వు రాకపోతే నీ చోట్లో మా అత్తని నిలబెడతాడు, ఆవిడ నా కాళ్ళు తొక్కేస్తుంది."

నవ్వు రావలసిన మాట, రాలేదు. డెల్ఫీనా కాళ్ళ చప్పుడు పోయింది. బొమ్మలో ఆ కాలు అలాగే ఉంది, ఎత్తింది ఎత్తినట్టు. కింద నేల వేసుంటే దిగేవాడేమో. నేల వేయొద్దని బడిలో టీచరమ్మ చెప్పింది, మీ ఇళ్ళలో కుండల మీద, గోడల మీద ఎలా వేస్తారో అలా వేయండి, మా లాగా కొండలూ నీడలూ వద్దు అంది, అది విని పిల్లలందరూ హమ్మయ్య అనుకున్నారు, కొండలు వేయడం ఎవరికి రావాలి. ఆ బడిలో వేసిన మొట్టమొదటి బొమ్మ, గోధుమరంగు కాగితం, ఆటగాళ్ళ వరస, టీచరమ్మ వెనకనించి వచ్చి సబ్బు వాసన వేసే చేత్తో ఒకచోట తట్టి, ఈ ఒక్క కాలు ఎందుకమ్మా ఇలా ఉంది అని అడిగింది, సిగ్గుపడి కాళ్ళు అలాగే ఉంటాయండీ అంది తను, గదంతా నవ్వింది. కాళ్ళు అలాగే ఉంటాయండీ. అప్పటికి వాడు. అప్పటికి వాడు ఎంత, పాలపళ్ళు ఊడుతున్నవాడు, ఆటలో ఇంకా అడుగు ఎక్కడ పెట్టాడు. మరి ఆ కాలు ఎవరిది. ఆలోచన అంచు దొరికినట్టే దొరికి జారిపోయింది, ఎందుకంటే దుప్పటి తొలిగింది, రొట్టెపిండి అంటిన చేతులతో అమ్మమ్మ లోపలికి వచ్చింది.

"ఇంకా ఇక్కడే చచ్చావా. ఆ దొరసాని కారు వంతెన దాటిందట, పిల్లలు చూసొచ్చారు. ఇస్తావా, ఇవ్వవా, ఏదో ఒకటి చెప్తే ఆవిడకి నేనే చెప్పుకుంటా. నువ్వు బయల్దేరు."

అమ్మమ్మ కుండలు చేసే మనిషి, కాగితం మీద బొమ్మలంటే లెక్కలేదు, నీళ్ళు పడితే పోయేదాన్ని వేయడం ఎందుకే అంటుంది, ఇన్నేళ్ళలో మనవరాలి బొమ్మ ఒక్కటీ నిలబడి చూసిన పాపాన పోలేదు. ఇవాళ బల్ల దారిలో అడ్డం ఉంది కాబట్టి చూసింది. చూసి, తల ఇటు వంచి, అటు వంచి, కిసుక్కున నవ్వింది.

"ఓసి నీ ఇల్లు బంగారంగానూ, ఈ చివర నిన్నెందుకు వేసుకున్నావే, మగవేషంలో?"

ఎఫిఫానియాకి ఆ మాట చెవిలో పడింది గానీ లోపలికి దిగలేదు.

"నన్నా? అది వాడు అమ్మమ్మా. మామయ్య కూడా గుర్తుపట్టాడు."

"మీ మామయ్యకేం తెలుసు, నీ చిన్నప్పుడు వాడు గొర్రెల వెంట కొండల్లో తిరుగుతుండేవాడు. నీ కాలు నేను గుర్తుపట్టలేనా, దాన్ని ఒళ్ళో పెట్టుకుని ముల్లు తీసింది నేను." మంచం అంచున కూర్చుంది, చేతికంటిన పిండి నలుపుతూ. "నాగజెముడు ముల్లు, లోపల విరిగింది. తీశాక కూడా ఏడాది పొడుగునా ఆ కాలు దింపే ముందు తడుముకునేదానివి, అక్కడ ఇంకో ముల్లుందేమోనని. అదే అలవాటైపోయింది. నీ తమ్ముడు నీ చంక దిగాడో లేదో నీ వెనకే, నీ అడుగులో అడుగు. నువ్వెలా నడిస్తే అలా. ఇద్దర్నీ చూసి కాలవ దగ్గర అందరూ బాతు, బాతుపిల్ల అనేవాళ్ళు, మర్చిపోయావా?"

"నేనలా నడవను."

"సరే నడవవు. ఆ గడప దాటి చూడు."

లేచింది. అమ్మమ్మ అబద్ధం తేల్చేద్దామన్నట్టే నడిచింది, తల దించి తన కాళ్ళ మీదే కళ్ళు పెట్టుకుని. ఎడమ పాదం దాటింది. కుడి పాదం లేచింది, గడప మీదుగా వచ్చింది, వేళ్ళు రవ్వంత లోపలికి తిరిగాయి, నేల ఉందా లేదా అని అడుగుతున్నట్టు గాలిలో ఆగింది. ఆ పాదాన్ని ఆమె ఎన్నివందల సార్లు చూసిందో, తన కాలికి ఉండగా మాత్రం ఎన్నడూ చూడలేదు. ఆటలో ఆడవాళ్ళ పాదం నేల వదలదు, అందుకే ఆటలో ఎవరికీ కనిపించలేదు, తనకీ తెలియలేదు. పాదం దింపడం మర్చిపోయి అలాగే దుప్పటి పట్టుకుని నిలబడిపోయింది.

అయితే వాడు అందులో లేడు. ముందు వచ్చిన ఆలోచన అది. సంతోషం కలగాలి కదా, పట్టుకోలేదు, ఆపలేదు, గోడలకి కొట్టలేదు, వాడి దారిన వాడు ఎప్పుడో పోయాడు. సంతోషం కలగలేదు. ఇన్నాళ్ళూ బొమ్మ గీసేటప్పుడల్లా, ఎందుకో చెప్పలేకపోయినా, వరస చివరికి వచ్చేసరికి చేతికి ఒక తోడు దొరికినట్టుండేది, ఆ తోడు కూడా వాడు కాదన్నమాట, తనకి తనే తోడన్నమాట. చొక్కాకి చేయవలసినవి చేసిన రోజున కూడా రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది. దాని వెనకే ఆ ఎండ, ఆ దారి.

"అమ్మమ్మా, ఆ దారిలో ఆగితే కొట్టేవాళ్ళట. ఆగే కాలు నాదైతే, వాడికి నేర్పింది నేనేగా."

 అమ్మమ్మ పిండి ఉండ ఒకటి గోళీలా చేసి ఒళ్ళో వేసుకుంది.

"ఆగటం ఒక్కటే నేర్పావా? నడవటం ఎవరు నేర్పారు? వాడికంటే బలమైనవాళ్ళు మొదటి రోజే పడిపోయారని ఆ టోపీ కుర్రాడు నాతో చెప్పాడు, నీకు చెప్పలేదేమో. మావాడు చివరిదాకా నడిచాడు. పడిపోయింది అక్కడికి చేరాక, జ్వరం వచ్చి." కళ్ళు తుడుచుకోలేదు, ముక్కు మాత్రం గట్టిగా ఎగబీల్చింది. "ఏడుస్తే ఇక్కడే ఏడువు. అక్కడికి పట్టుకుపోకు. వాడు వెళ్ళిపోయాడే. ఒంటికాలి మీద నిలబడ్డది నువ్వే."

ఎఫిఫానియా పాదం దింపింది. కాసేపు ఏడ్చింది, గట్టిగానే, ముందు గదిలో తింటున్నవాళ్ళు మాటలు ఆపేంత గట్టిగా, తరవాత వాళ్ళే మర్యాదగా మళ్ళీ మొదలుపెట్టారు. అమ్మమ్మ జుట్టు విప్పి దువ్వింది, నల్ల ఉన్నిగుడ్డ ఒక భుజం మీదుగా కట్టింది, తలపలక గడ్డం కింద ముడి వేస్తూ కదలకు, కదలకు అని చిన్నపిల్లని కసిరినట్టు కసిరింది. కుంచె కొసన తెల్లరంగు గట్టిపడిపోయింది, అది ఇంక పనికిరాదు. బొమ్మ మీద చెయ్యి వేయలేదు. బయట కారు ఆగిన చప్పుడు, పిల్లల కేకలు, దొరసాని గొంతు. బొమ్మ నేనిస్తాలే, దాంతోపాటు ఓ రొట్టె కూడా పడేస్తా, ఇక్కడికి వచ్చినప్పుడల్లా ఆవిడ తిననే తినదు అంది అమ్మమ్మ. ఎఫిఫానియా చెప్పులు మంచం కిందికి తోసి, ఆటలో పట్టుకునే దేవదారు కొమ్మలు తీసుకుని, వెనక తలుపులోంచి ఎండలోకి వచ్చింది. నేల పెనంలా కాలుతోంది, కాలుతుంటే బాగుంది.

ఆటబయలు అంచున అన్సెల్మో మామయ్య నిలబడి ఉన్నాడు. ఆమె వాచిన కళ్ళు చూశాడు, చేతిలో కొమ్మలు చూశాడు.

"కుదురుగా ఉన్నావా?"

"ఉన్నా మామయ్యా. ఆ కాలు వాడిది కాదు. తరవాత చెప్తా."

ఆయన పక్కకి తప్పుకున్నాడు. వరసలో తన చోటు ఖాళీగా ఉంది, ముందు ఒక మగమనిషి, అతని ముందు డెల్ఫీనా, ఆ పిల్ల ఓరగా చూసి పళ్ళు కనిపించకుండా నవ్వింది. డోలు ఈసారి నిజంగా మొదలైంది, ఆ దెబ్బ అరికాళ్ళలోంచి పైకి పాకింది, పాడేవాళ్ళ గొంతులు ఒక్కసారిగా లేచాయి. ఆడవాళ్ళు కళ్ళు ఎత్తకూడదు. ఎఫిఫానియా దించింది. దించితే కనిపించేవి ముందున్నవాడి కాళ్ళే, దుమ్ము, బొచ్చుపట్టీలు, దేవదారు ఆకుల నీడ. ముందున్నది ఇసీద్రో, కాలవ గట్టు మీద తోకలా పరిగెత్తిన పిల్లకాయ, ఇప్పుడు భుజాలొచ్చిన మగవాడు, ఇన్ని రోజుల సాధనలో అతని వెనకే ఆడుతూ తన గొడవలో తానుండి ఒక్కసారీ చూడలేదు. అతని ఎడమపాదం ధన్‌మని దిగింది. కుడిపాదం లేచింది, వేళ్ళు రవ్వంత లోపలికి తిరిగాయి, గాలిలో ఆగింది.  డోలు దెబ్బకి సరిగ్గా, ఏమాత్రం ఆలస్యం లేకుండా, ఆ పాదం నేల మీదికి దిగింది.